మత్తుమందుల వ్యసన చికిత్సకు బీమా నిబంధనలు అడ్డుపడకూడదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారములు.

కుటుంబానికి ఏడాదికి రెండున్నర లక్షల రూపాయల వరకు వైద్యాన్ని బీమా కంపెనీల ద్వారా, ఆపైన పాతిక లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ద్వారా అందించే విధానానికి మన రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి ఏ జబ్బు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, అనుమతి ఎవరిస్తారు, ఎన్ని గంటల్లో ఇస్తారు అన్న మాటలు పాలకొల్లు, భీమవరం, అమలాపురం ఆసుపత్రుల వరండాల్లో తరచుగా వినబడుతున్నాయి. గుండె గురించి, కిడ్నీల గురించి, మోకాళ్ల ఆపరేషన్ల గురించి అందరూ అడుగుతున్నారు. నొప్పి మాత్రలకో, ఇంజెక్షన్లకో, హెరాయిన్‌కో అలవాటుపడి బయటపడలేకపోతున్నవారి చికిత్స గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. ఆ ఇళ్లవారు పరువు పోతుందని నోరు విప్పరు, మిగిలినవారికి ఆ అవసరం రాలేదు. భీమవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి బీమా విభాగంలో చాలాకాలం ఉద్యోగం చేసి, ముందస్తు అనుమతి ఫారాలు నింపి పంపి, కంపెనీలు పెట్టే క్వెరీలకు జవాబులు రాసినవాడిగా, ఆ ప్రశ్నను మీ పత్రిక ద్వారా అడగదలచుకున్నాను.

నల్లమందు జాతికి చెందిన మందులను వైద్యులు ఓపియాయిడ్లు అంటారు. హెరాయిన్ ఒక్కటే కాదు, ట్రమడాల్, టపెంటడాల్ వంటి నొప్పి మాత్రలు, పెంటజోసిన్ ఇంజెక్షన్లు, కోడీన్ కలిసిన దగ్గు సిరప్‌లు కూడా ఆ కోవలోనివే. ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించగా కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019 ఫిబ్రవరిలో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో సుమారు 77 లక్షల మంది ఓపియాయిడ్ల వాడకం వల్ల సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. వారిలో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారని చెబుతూ ఆ సర్వే ఇచ్చిన జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, హర్యానాలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఈ మాట చెబితే మన దగ్గర చాలామంది నమ్మరు, ఎందుకంటే మత్తు అనగానే మనకు మద్యం, గంజాయి గుర్తుకొస్తాయి తప్ప మందుల షాపులో దొరికే మాత్ర గుర్తుకు రాదు. రాత్రంతా నిద్ర లేకుండా కోల్‌కతా వైపు చేపల లారీ తోలే డ్రైవరుకు నడుము పట్టేస్తుంది. కొబ్బరి చెట్టు మీంచి జారిపడిన దింపు కార్మికుడికి కాలు విరుగుతుంది. నొప్పికని మొదలుపెట్టిన మాత్ర, నొప్పి తగ్గాక కూడా వారిని వదలదు. అటువంటివారిని నేను చూసినంతలో ఎక్కువమంది కష్టపడి పనిచేసుకునేవారే, ఇంట్లో పిల్లలున్నవారే.

ఈ వ్యసనానికి మందు లేదా అంటే ఉంది, అది బాగా పనిచేస్తుంది కూడా. బ్యుప్రెనార్ఫిన్ అనే చిన్న మాత్రను నాలుక కింద పెట్టుకుంటే ఐదు పది నిమిషాల్లో కరుగుతుంది. మెదడులో ఓపియాయిడ్లు పనిచేసే చోటికే అది కూడా చేరుతుంది, కానీ కొంతమేరకే పనిచేసి ఆగుతుంది. మోతాదు పెంచినా ఒక హద్దు దాటి మత్తు ఎక్కదు, శ్వాస ఆగిపోయే ప్రమాదం చాలా తక్కువ. ఒళ్లు నొప్పులు, చెమటలు, ఆగని తహతహ తగ్గి మనిషి పనిలోకి వెళ్లగలుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీనిని, ఇదే పనికి వాడే మెథడోన్ అనే మందును ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఈ మందులు వాడుతున్నంతకాలం, చికిత్స మానేసినవారితో పోలిస్తే, మరణాలు సగానికి తగ్గుతున్నాయని అనేక దేశాల పరిశీలనలను కలిపి చూసిన అధ్యయనాలు తేల్చాయి. అయితే ఇది నాలుగు రోజుల కోర్సు కాదు. నెలల తరబడి, చాలామందికి ఏళ్ల తరబడి వాడవలసి ఉంటుంది. ఎక్కువగా ఔట్‌పేషెంట్‌గానే, అంటే వచ్చి మందు తీసుకుని ఇంటికి వెళ్లే పద్ధతిలోనే సాగుతుంది.

ఈ మందును మొదలుపెట్టే సమయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఫిర్యాదంతా దాని చుట్టూనే ఉంది. చివరిసారి మత్తుమందు తీసుకున్న తరువాత సాధారణంగా 12 నుంచి 24 గంటలు గడిచి, ఆవలింతలు, ముక్కు కళ్లు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతులు, విరేచనాలు మొదలయ్యాకే తొలి మోతాదు ఇవ్వాలి. ముందే ఇస్తే ఆ బాధలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆలస్యం చేస్తే మనిషి ఓర్చుకోలేక పాత మందు కోసం వెళ్లిపోతాడు. కాబట్టి వైద్యుడి చేతిలో ఉండేది కొన్ని గంటల వ్యవధి మాత్రమే. దాళ్వా పంట చివర శివారు చేలు బీటలు వారిపోయాక కాలువకు నీళ్లు వదిలితే రైతుకు ఏం ఒరుగుతుందో, ఆ గంటలు దాటిన తరువాత వచ్చే అనుమతి వల్ల రోగికి అంతే ఒరుగుతుంది. అంతకంటే భయపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కొన్నాళ్లు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. చికిత్స మధ్యలో తెగిపోయి మళ్లీ పాత లెక్కలోనే మాత్రలో, ఇంజెక్షనో తీసుకున్నవారు శ్వాస ఆగి చనిపోయే ప్రమాదం ఉంది.

ఇక బీమా సంగతి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి, సాధారణంగా 24 గంటలైనా ఉన్న వైద్యానికే డబ్బు ఇస్తాయి. రోజూ వచ్చి మాత్ర తీసుకుని వెళ్లే రోగి ఆ గీత దగ్గరే ఆగిపోతాడు. పోనీ ఆసుపత్రిలో చేర్చుకుని మొదలుపెడదామంటే పాలసీ పత్రంలో పన్నెండవ మినహాయింపు ఎదురవుతుంది. మద్యపానం, మాదకద్రవ్యాలు, ఏ రకమైన వ్యసనమైనా, వాటి పర్యవసానాలైనా, వాటి చికిత్సకు కంపెనీ బాధ్యత వహించదని దాని సారాంశం. బీమా నియంత్రణ సంస్థ 2019 సెప్టెంబరులో ఒకే మూసలో ఖరారు చేసిన మినహాయింపుల్లో ఇది ఒకటి. కంపెనీ ఏదైనా ఆ అంకె, ఆ మాటలే ఉంటాయి.

ఇందులో నాకు అర్థం కానిది ఏమిటంటే, చట్టం మరో విధంగా చెబుతోంది. పార్లమెంటు చేసిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రెండవ సెక్షన్‌లో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలోనే మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు ఉన్నాయి. అదే చట్టం 21వ సెక్షన్, శరీర రోగాలకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో అదే ప్రాతిపదికన మానసిక అనారోగ్యానికీ ప్రతి బీమా సంస్థా ఇవ్వాలని నిర్దేశించింది. ఆ చట్టం 2018 మేలో అమలులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో దానిని పాటించాలని నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించింది. 2022 అక్టోబరులో, ఏ మార్పూ లేకుండా అన్ని పాలసీల్లోనూ మానసిక అనారోగ్యానికి రక్షణ ఉండాలని మరోసారి గుర్తుచేసింది. పైగా 2019 మార్గదర్శకాల్లోనే ఒకచోట, మానసిక అనారోగ్యాన్ని పాలసీ నుంచి మినహాయించకూడదని ఉంది. మరొకచోట వ్యసనాన్ని మినహాయించవచ్చని ఉంది. చట్టం దృష్టిలో వ్యసనం మానసిక అనారోగ్యంలో భాగమైనప్పుడు ఈ రెండు మాటలూ ఒకే పత్రంలో ఎలా ఇముడుతాయో హైదరాబాదులోనే ఉన్న ఆ సంస్థ పెద్దలు ప్రజలకు చెప్పవలసిన బాధ్యత ఉంది.

కాగితం మీది ఈ వైరుధ్యం మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉంటుందో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఆకివీడు వైపు నుంచి ఒక యువకుడిని తల్లి తీసుకొచ్చింది. చేపల పెట్టెలు ఎత్తే పనిలో నడుము దెబ్బతిని, నొప్పి మాత్రలు మొదలుపెట్టి, రోజుకు ఒకటి రెండు స్ట్రిప్పుల దాకా వెళ్లాడు. ముందు రోజు సాయంత్రం నుంచి మానేసి, తనంతట తానే వచ్చాడు. మానసిక వైద్యుడు నాడి చూసి, కనుపాపలు చూసి, మందు మొదలుపెట్టడానికి ఇదే సరైన సమయమని రాశారు. యజమాని కట్టిన గ్రూప్ పాలసీ ఉంది కనుక అనుమతి కోసం ఫారం పంపాను. కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. ఈ స్థితికి కారణం ఏమిటి, అది మత్తు పదార్థాల వాడకం వల్ల కలిగిందా లేదా, ఆ అలవాటు ఎప్పటి నుంచి ఉంది, చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలి. అందులోని చిక్కు ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి వెంటనే తెలుస్తుంది. అవును అని రాస్తే పన్నెండవ మినహాయింపు కింద తిరస్కరిస్తారు, కాదు అని రాస్తే అబద్ధమవుతుంది. డాక్టరు గారు ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఈలోగా ఆ అబ్బాయి మా కౌంటరు ఎదురుగా ఉన్న స్టీలు కుర్చీలో చెమటలు కారుస్తూ, ఆగకుండా ఆవలిస్తూ, మోకాళ్లు రెండూ చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కాళ్లు వణుకుతుంటే కుర్చీ గచ్చు మీద టకటకలాడుతోంది. తల్లి మాటిమాటికీ వచ్చి, "బాబు గారూ, ఆ పర్మిషనొచ్చిందాండి?" అని అడిగేది. "ఇంకా రాలేదమ్మా" అని నేను చెప్పేవాడిని. తిరస్కారం వచ్చింది. సొంత డబ్బుతోనైనా మొదలుపెడదామని, అడ్వాన్సు తరువాత చూసుకుందామని డాక్టరు గారు కబురు పంపేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. తల్లి బయట రోడ్డు మీద అటూ ఇటూ వెతుకుతోంది. ఆ అబ్బాయి మళ్లీ మా ఆసుపత్రికి రాలేదు.

ఇటువంటి తిరస్కారాలను తప్పించుకోవడానికి కొన్నిచోట్ల మరో దారి తొక్కుతున్నారు. వ్యసనం అన్న మాట ఎక్కడా లేకుండా వాంతులు, విరేచనాలు, నీరసం అని రాసి అనుమతి తెచ్చుకుంటారు. సెలైన్ ఎక్కించి, నిద్రమాత్రలిచ్చి, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతారు. కేసు షీటులో లేని జబ్బుకు మందు ఇవ్వడం కుదరదు కాబట్టి బ్యుప్రెనార్ఫిన్ ఇవ్వరు. బిల్లు పాసవుతుంది. ఆ రోగి మాత్రం శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోయి, తపన అలాగే ఉండి, ఏ మందూ చేతిలో లేకుండా ఇంటికి చేరతాడు. అతనికి అంతకన్నా ప్రమాదకరమైన పరిస్థితి మరొకటి లేదని మానసిక వైద్యులు చెబుతారు. నిజం రాసిన వైద్యుడి రోగికి చికిత్స లేదు, అబద్ధం రాసిన చోట డబ్బు వస్తుంది కానీ చికిత్స రాదు. నిబంధన మనుషులను ఎటు నెడుతోందో నిబంధన రాసేవారు చూడాలి.

అమెరికా సంగతి ఇక్కడ ప్రస్తావించడం అవసరం, ఎందుకంటే ముందస్తు అనుమతి వల్ల ఈ మందుకు జరిగిన నష్టం ఆ దేశం పెద్దఎత్తున చూసింది. మన డెల్టా ఊళ్లలో ఇంటికొకరు అక్కడ ఉన్నారనే చెప్పవచ్చు, అక్కడి బీమా కష్టాలు ఫోనులో విననివారు తక్కువ. 2021 నుంచి 2023 వరకు అక్కడ ఏటా లక్ష మందికి పైగా మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయారు, వారిలో అత్యధికులు ఓపియాయిడ్ల వల్లనే. వ్యసన చికిత్సకు బ్యుప్రెనార్ఫిన్ మాత్రను అక్కడ 2002లోనే ఆమోదించారు. అయినా చాలా బీమా కంపెనీలు ఫార్మసీ మాత్ర ఇచ్చే ముందు తమ అనుమతి ఉండాలనేవి. కౌన్సెలింగుకు వెళ్తున్నట్టు రుజువు అడిగేవి, మూత్ర పరీక్ష ఫలితాలు అడిగేవి, ఫలానా మోతాదు మించితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు అనేవి. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ తరువాత 2016లో సిగ్నా, 2017 మొదట్లో ఆంథెమ్ అనే బీమా కంపెనీలు ఈ మందులకు ముందస్తు అనుమతి నిబంధనను తీసివేశాయి. తరువాత పలు రాష్ట్రాలు చట్టాలు చేసి దానిని నిషేధించాయి. ఈ మందు రాయడానికి వైద్యులు విడిగా తీసుకోవలసిన ప్రత్యేక అనుమతిని కూడా 2022 డిసెంబరులో అక్కడి కేంద్ర ప్రభుత్వమే రద్దు చేసింది.

అక్కడి వృద్ధుల, వికలాంగుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో, ముందస్తు అనుమతి తీసివేసిన మందుల పథకాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. అనుమతి నిబంధన తొలగించిన చోట ఈ మందు తీసుకునేవారు పెరిగారు, వ్యసనం కారణంగా ఆసుపత్రిలో చేరడాలు, అత్యవసర విభాగానికి రావడాలు తగ్గాయి. అంటే మాత్ర దగ్గర మిగిల్చిన డబ్బు తరువాత పడక దగ్గర ఖర్చయింది. మన రాష్ట్రంలో ఖర్చు లెక్కలు వేస్తున్న అధికారులు ఈ ఫలితాన్ని తప్పక చూడాలి.

ఈ మందు కూడా మత్తుమందే కదా, పక్కదారి పడుతుంది కదా అనే అభ్యంతరం ఉంది. దానిని కొట్టిపారేయకూడదు. బ్యుప్రెనార్ఫిన్ మన మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనిదే, దుర్వినియోగం జరిగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే దానికి నాలోక్సోన్ కలిపి మాత్ర తయారుచేస్తారు. నాలుక కింద పెట్టుకుంటే నాలోక్సోన్ పెద్దగా పనిచేయదు, కరిగించి ఇంజెక్షన్‌గా ఎక్కించుకుంటే మత్తును అడ్డుకుంటుంది. మన దేశంలో ఈ మాత్రలు మామూలు మందుల షాపులకు రావు, గుర్తింపు పొందిన వ్యసన విముక్తి కేంద్రాలకు మాత్రమే సరఫరా చేయాలన్న షరతు ఉంది. తొలి దశలో సిబ్బంది కళ్లెదుటే మాత్ర కరిగిస్తారు. ఇంత కాపలా మందు దగ్గర ఉన్నప్పుడు, బీమా కార్యాలయంలో ఎక్కడో కూర్చుని ఫారం చూసే మనిషి ఆపగలిగే దుర్వినియోగం ఏమీ లేదు. అతను ఆపగలిగేది చికిత్సను మాత్రమే.

సరఫరా మీద ఉన్న ఆ షరతు వల్లనే మన ప్రాంతానికి మరో చిక్కు వస్తోంది. సఖినేటిపల్లి లంకలోని కూలి మనిషి చికిత్స కోసం పంటు మీద గోదావరి దాటి నరసాపురం చేరి, బస్సులు మారి, ఏలూరుకు వెళ్లిరావాలంటే ఆ రోజు కూలి పోతుంది. రోజూ వెళ్లమంటే ఎవరూ వెళ్లలేరు. పంజాబ్ ప్రభుత్వం 2017లో ఔట్‌పేషెంట్ క్లినిక్కులు ప్రారంభించి, బ్యుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్రను ఉచితంగా ఇస్తూ, నిలకడగా ఉన్న రోగులకు కొన్ని రోజుల మందు ఇంటికి ఇచ్చే పద్ధతి కూడా తెచ్చింది. అమలాపురం, నరసాపురం, రాజోలు, తణుకు వంటి ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి కొన్ని రోజులైనా అటువంటి క్లినిక్కు నడపడానికి కొత్త భవనాలు అక్కరలేదు. శిక్షణ పొందిన వైద్యుడు, తాళం వేసిన అల్మరా, లెక్క రాసే పుస్తకం ఉంటే చాలు.

కాబట్టి రాష్ట్ర వైద్యారోగ్య శాఖను నేను కోరేది, బీమా కంపెనీలతో చేసుకునే ఒప్పందంలో పన్నెండవ మినహాయింపును యథాతథంగా దిగుమతి చేసుకోవద్దని. ప్రైవేటు పాలసీల భాష ప్రభుత్వ పథకంలోకి జొరబడితే, ఏ పాలసీ కొనలేని పేదవాడు కూడా అదే గోడకు తల కొట్టుకోవలసి వస్తుంది. ఓపియాయిడ్ వ్యసనానికి ఔట్‌పేషెంట్ చికిత్సను పథకంలో చేర్చి, రోగికి నెలకు ఇంత అని ఆసుపత్రికి చెల్లించే పద్ధతి పెట్టాలి. తొలి మోతాదుకు, తొలి వారం రోజుల మందుకు ఏ అనుమతీ అడగకూడదు, వివరాలు తరువాత పంపించుకోవచ్చు. చికిత్సలో ఉన్న రోగికి రెన్యువల్ కాగితం ఆలస్యమైందని మందు ఆపకూడదు. అనుమతుల వేగం ఒక్కటే దీనికి పరిష్కారం కాదని కూడా గమనించాలి. నగదు రహిత చికిత్స దరఖాస్తుపై గంటలోగా నిర్ణయం చెప్పాలని నియంత్రణ సంస్థ 2024 మేలో కంపెనీలను ఆదేశించడం మంచిదే, కానీ మినహాయింపు అలాగే ఉన్నంతకాలం ఆ గంటలో వచ్చేది తిరస్కారమే.

పాలసీలు ఉన్న కుటుంబాలకు ఒక మాట. తిరస్కార పత్రం చేతికి రాగానే అంతటితో అయిపోయిందని అనుకోవద్దు. కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకుని, 2017 చట్టంలోని 21వ సెక్షన్‌ను ఉదహరిస్తూ ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి ఫీజు లేదు. చికిత్సకు వెళ్తే పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు. తక్కువ పరిమాణంలో మాదకద్రవ్యాలతో పట్టుబడిన వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే వారికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కొత్త పథకం ఒప్పంద పత్రాల్లో వ్యసన చికిత్స మినహాయింపు ఉంటుందా, ఉండదా అన్న ఒక్క ప్రశ్నను మీ విలేఖరుల ద్వారా వైద్యారోగ్య శాఖ అధికారుల ముందు ఉంచి, వారి జవాబును ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఆసుపత్రి బీమా విభాగం విశ్రాంత ఉద్యోగి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా